మేలు రకం ఎవరికి మేలు?

మా బడి గోడకు చాలా ఏళ్లు ఒక పటం వేలాడుతూ ఉండేది. అందులో రెండు పొలాలు. ఎడమ పొలంలో మొక్కలు పొట్టిగా, పలచగా, అటూ ఇటూ వాలిపోయి ఉంటాయి. కింద 'నాటు రకం' అని రాసి ఉంటుంది. కుడి పొలంలో మొక్కలన్నీ ఒకే ఎత్తున, నిండుగా. కింద 'మేలు రకం'. ఎడమ గట్టు మీది మనిషి గోచీ కట్టుకుని దిగాలుగా నిలబడి ఉంటాడు. కుడి గట్టు మీది మనిషికి తెల్ల చొక్కా, చేతికి గడియారం, ముఖం నిండా నవ్వు. ఆ పటం ఎవరు గీశారు, ఎవరు పంచారు అన్నది ఇక్కడ అనవసరం. దాన్ని బెత్తంతో చూపిస్తూ పాఠం చెప్పింది మాత్రం మేమే. మేమంటే ఈ పాడేరు కొండల్లో పుట్టి, ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, తిరిగి ఈ కొండల్లోనే పంతుళ్లమైన వాళ్లం.

ఒకరోజు నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి, "మేష్టారూ, ఆ ఎడమేపున్నది మా తాతేనా?" అని అడిగింది. పిల్లలంతా నవ్వారు. మేమూ నవ్వేసి తర్వాతి పాఠం అందుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈ వ్యాసం ఆ పిల్లకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబు అనుకోండి.

ముందే ఒక మాట. వ్యవసాయ పరిశోధన మనకు అక్కర్లేదని మేము అనడం లేదు. చోడికి అగ్గితెగులు సోకిన ఏడాది ఇంట్లో ఏం జరుగుతుందో మాకు తెలుసు. మా విమర్శ పరిశోధన అడిగే ప్రశ్నల మీద, ఆ ప్రశ్నలు ఎవరి దగ్గర కూర్చుని తయారయ్యాయన్న దాని మీద.

మాటలతో మొదలుపెడదాం. పిల్లలకు విత్తనం కన్నా ముందు చేరేది దాని పేరే కదా. మన చోడి, సామ, కొర్రలను తెలుగులో తృణధాన్యాలన్నారు. తృణం అంటే గడ్డిపరక. దేన్నయినా లెక్కచేయకపోతే 'తృణప్రాయంగా' చూశాడంటాం. సర్కారు కాగితాల్లో వీటి పేరు ముతక ధాన్యాలు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఆ పేరు తీసేసి పోషక ధాన్యాలంది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అదీ భారతదేశం అడిగితేనే. ఆ ఏడాది బడ్జెట్ ప్రసంగంలో వీటికి 'శ్రీ అన్న' అని కొత్త పేరు పెట్టారు. హైదరాబాద్‌లోని చిరుధాన్యాల పరిశోధనా సంస్థను దేశానికే మేటి కేంద్రంగా చేస్తామన్నారు. ఐదేళ్లలో ముతక గింజ కాస్తా సిరి అయింది. మా అవ్వ గాదెలో గింజ మాత్రం మారలేదు.

పేరు మారితే మంచిదే. కానీ ఈ గింజను ముతక అన్న రోజుల్లో తిన్నది మనం. సిరి అన్న రోజుల్లో తింటున్నది పట్నంలో చక్కెర జబ్బున్నవాళ్లు. మధ్యలో 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని మేము తిట్టం. గాదె ఖాళీ అయ్యాక కొత్త పంట వచ్చేదాకా ఉండే వానాకాలపు నెలలు ఎలా గడిచేవో మా ఇళ్లలో పెద్దలను అడగండి. బియ్యం ఆ నెలలను దాటించింది. దాటిస్తూ దాటిస్తూ మన పిల్లల నాలుకను కూడా మార్చేసింది. 2023 మార్చి నుంచి మన రాష్ట్రంలో బడి పిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైంది. మొదటి వారం మా పిల్లల్లో కొందరు ముఖం తిప్పుకున్నారు. చోడి అంబలి తాగి పెరిగిన వాళ్ల మనవలు! అసలు సంగతి ఇంకోటి ఉంది. బడికి పిండి పొట్లాల్లో వస్తుంది. కిటికీలోంచి చూస్తే కొండ మీద చోడి చేను కనిపిస్తూనే ఉంటుంది. ఆ చేనుకూ ఈ పొట్లానికీ దారి లేదు.

ఇక కొలత సంగతి. మేలు రకం అని దేన్నంటారు? ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు అన్నదే మొదటి లెక్క. నేల చదునుగా, నీళ్లు చాలినంతగా, ఎరువు వేళకు పడుతూ, ఒకే పంట ఉన్న చోట ఆ లెక్క సరిపోతుంది. మా కొండవాలు చేనులో చోడి ఉంటుంది, సామ ఉంటుంది, మధ్య మధ్య కంది, అంచున బొబ్బర్లు, పైన వలిసెలు. చోడి కోసుకున్నాక కూడా కంది నిలబడే ఉంటుంది. ఒకదానికి వాన చాలకపోతే ఇంకోటి పండుతుంది. అలాంటి చేనులోంచి చోడి ఒక్కదాన్నే తూచి 'దిగుబడి తక్కువ' అని రాస్తే, తరగతిలో ఒక్క పిల్లవాడికి పరీక్ష పెట్టి బడి మొత్తానికి మార్కులు వేసినట్టుంది.

మా ఇళ్లలో విత్తనానికి వేరే పరీక్షలున్నాయి. ఎన్నాళ్లకు చేతికొస్తుంది? ఆకలి నెలలకు ముందే వస్తే అది మేలు రకం. గాదెలో ఎన్నేళ్లు పురుగు పట్టకుండా ఉంటుంది? చోడి ఈ పరీక్షలో ఎప్పుడూ మొదటి తరగతే. గడ్డి పశువు తింటుందా? పొడుగు రకాలను తీసేసి పొట్టి రకం ఇచ్చినప్పుడు గింజ పెరిగినా గడ్డి తగ్గుతుంది, అప్పుడు దుక్కిటెద్దు మేత ఎవరు కొంటారు? అంబలి కాస్తే చిక్కగా వస్తుందా, పొద్దుటి గిన్నె మధ్యాహ్నం దాకా కడుపును ఆపుతుందా? వీటిలో చాలావాటిని కొలవడం శాస్త్రానికి కష్టమేమీ కాదు. అడగాలని తోచలేదు, అంతే.

ఇంకో ప్రశ్న అయితే మరీ ఆలస్యంగా వచ్చింది. సామలు పండించడం ఒక ఎత్తు, పొట్టు తీయడం ఇంకో ఎత్తు. రోట్లో వేసి దంచి, చెరిగి, మళ్లీ దంచి, నాలుగు మానికల బియ్యం తీయడానికి మా అమ్మలకు సగం పూట పట్టేది. అరచేతులు కాయలు కాసేవి. విత్తనం మీద జరిగిన పనిలో కొంతయినా ఊళ్లో నడిచే చిన్న పొట్టు మర మీద అప్పుడే జరిగి ఉంటే, సామ చేలు ఇంతగా తగ్గేవి కావని మా అభిప్రాయం. సామను ఓడించింది తక్కువ దిగుబడి కాదు, రోకలి. ఆ రోకలి పట్టుకున్నది ఆడవాళ్లు కాబట్టి అది పరిశోధనా సమస్యగా కనిపించలేదు.

ఇంతవరకు చదివి మన యువ రచయితలు సంబరపడితే తొందరపడినట్టే. వాళ్లతోనూ మాకొక పేచీ ఉంది. ఈమధ్య మనవాళ్లు రాస్తున్న కవితల్లో చోడి తల్లి అవుతుంది, కొండ తల్లి అవుతుంది, విత్తనం వారసత్వం అవుతుంది. బాగుంది. కానీ మేము చదివినంతలో అగ్గితెగులు ఒక్క కవితలోనూ కనబడలేదు. అది బూజు జాతి తెగులు. నారు దశలో ఆకు మీద మచ్చగా మొదలై, కంకి వేసే వేళకు మెడ దగ్గర పట్టుకుంటుంది. మెడ నల్లబడితే కంకి తాలు. నాటు రకమైనా మేలు రకమైనా తెగులుకు లోకువైతే దానికి పట్టింపు లేదు. తాత విత్తనం కాబట్టి తెగులు జాలిపడదు. ఆ ఏడాది అప్పు చేసిన ఇంటివాళ్లకు మన కవిత ఏం చెబుతుంది?

ఇక్కడే పరిశోధన నిజంగా ఏం చేయగలదో చూడాలి. కర్ణాటకలో లక్ష్మణయ్య అనే శాస్త్రవేత్త రాగి మీదే జీవితం గడిపాడు. మన దేశపు రాగినీ ఆఫ్రికా రాగినీ కలిపి కొత్త రకాలు తీశాడు. ఇండియా, ఆఫ్రికా రెండు పేర్లూ కలిపి వాటిని 'ఇండాఫ్' అన్నారు. రాగి పువ్వు ఎంత చిన్నదో చూసినవాళ్లకు ఆ పని ఎంత ఓర్పుతో చేయాల్సిందో అర్థమవుతుంది. తర్వాత బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఇండాఫ్ 5తో ఐ.ఇ. 1012 అనే ఆఫ్రికా గింజను కలిపి జి.పి.యు. 28 అనే రకం తెచ్చారు. అగ్గితెగులును తట్టుకునే గుణంతో అది ఎంతో పేరు పొందింది. మన పక్కనే విజయనగరం పరిశోధనా స్థానం భారతి, శ్రీచైతన్య లాంటి రాగి రకాలను ఇచ్చింది. ఇవన్నీ మేలు చేసిన పనులే, కాదనం.

కానీ ఆ ఐ.ఇ. 1012 అనే అంకె దగ్గర కాసేపు ఆగండి. ఆ తెగులును తట్టుకునే గుణం ప్రయోగశాలలో పుట్టలేదు. ఆఫ్రికాలో మనలాంటి ఏదో ఊళ్లో, మనలాంటి ఎవరో అమ్మ ఏటేటా ఏరి దాచిన గింజలో అది ఉంది. అంకె మిగిలింది, అమ్మ పేరు మిగల్లేదు. వరిలోనూ ఇదే కథ. 1970ల్లో ఆసియా అంతటా వరిని గడ్డి కుదురు వైరస్ కుంగదీసినప్పుడు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 6,000కు పైగా నమూనాలు వెతికితే దాన్ని తట్టుకున్నది ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన ఒకే ఒక్క అడవి వరి. ఐ.ఆర్. 36 రకంలో ఉన్నది దాని బలమే. పటంలో కుడివైపు పొలానికి తల్లి ఎడమవైపు పొలమే. మా బడి పిల్లకు చెప్పాల్సిన మొదటి సంగతి ఇది.

తల్లి అయితే హక్కుండాలి కదా? ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో రిచారియా అనే వరి శాస్త్రవేత్త 1970ల్లో ఊరూరా తిరిగి 19,000కు పైగా వరి నమూనాలు సేకరించాడు. వాటిలో చాలా భాగం ఆదివాసుల చేలలోవే. 2002లో ఆ సేకరణను చేతిలో ఉంచుకున్న రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, సింజెంటా అనే విదేశీ కంపెనీతో ఒప్పందానికి సిద్ధపడింది. జనం రోడ్డెక్కారు, కంపెనీ వెనక్కి తగ్గింది. గింజ ఇచ్చిన ఊళ్లను ఎవరైనా అడిగారా అన్నది అప్పుడు రోడ్డెక్కిన వాళ్లు వేసిన ప్రశ్న.

అంతకు ముందు ఏడాది, 2001లో, మన దేశంలో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం వచ్చింది. దీన్ని మన యువకులు చదవాలి. రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, కంపెనీ ముద్ర వేయకుండా అమ్ముకోవచ్చు. ఊరు కాపాడిన రకాన్ని రైతు రకంగా నమోదు చేయించుకోవచ్చు. చట్టం కింద నమోదైన రకం ఇంత పండుతుందని చెప్పి అమ్మితే, అంత పండనప్పుడు పరిహారం అడగవచ్చు. చదువుకున్న మనం ఒక్క దరఖాస్తు రాయడానికి బద్ధకిస్తే, ఆ చట్టం చెదలకు మేత.

కొండ దాటితే కొరాపుట్. మన చుట్టాలున్న జిల్లా. అక్కడి పరజా తెగకు చెందిన కమలా పుజారి వంద వరి రకాల దాకా కాపాడింది. 2018లో ఒడిశా ప్రభుత్వం ఆమెను రాష్ట్ర ప్రణాళికా మండలిలో సభ్యురాలిని చేసింది, 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆమె చనిపోయింది. ఆమె ఊరి బాటలోనే ఇంకో మంచి పని జరిగింది. ఒడిశాలో రైతుల చోడి రకాలను రైతుల చేలలోనే పోటీకి పెట్టి, నెగ్గిన వాటిని సర్కారు విత్తనాల జాబితాలో చేర్చారు. కుంద్ర బటి, లక్ష్మీపూర్ కాలియా, మాల్యబంత మామి. ఆ పేర్లు చూడండి, ఊరి పేర్లు, నేల పేర్లు. అంకెలు కావు. పరిశోధన ఇలా కూడా చేయవచ్చని పక్క జిల్లా చూపించింది. కర్ణాటకలో హావేరి రైతులు తమంతట తాము కనిపెట్టిన గులి పద్ధతి, గుంతకు రెండు మొక్కలు చొప్పున దూరం దూరంగా రాగి నాటడం, మన కొండల్లోకీ వచ్చింది. దాన్ని కనిపెట్టిన వాళ్లకు ఏ డిగ్రీ ఉందో ఎవరూ అడగలేదు. కుదురు ఎన్ని పిలకలు వేసిందో చూశారు.

ఇప్పుడు పురుగు సంగతి. ఇది రాయడానికి చేయి ఆడదు.

విషాన్ని మందు అని పిలిచే చోటు తెలుగులో పొలం. (సారా దుకాణం కూడా ఉందనుకోండి.) పురుగు మందు, కలుపు మందు. రోగానికి వేసేది మందు, కాబట్టి ఎంత ఎక్కువ వేస్తే అంత త్వరగా తగ్గుతుందని మనిషికి తోస్తుంది. మన కుర్రాళ్లు సంతలో డబ్బా కొని, మూతతో కొలిచి, చొక్కా విప్పి కొడుతున్నారు. చోడికీ సామకూ పురుగు బెడద తక్కువే. అల్లం, కూరగాయలు, ధర పలికే ప్రతి పంట వెనకా ఈ డబ్బా నడిచి వచ్చింది. 2017లో మన ఆదిలాబాద్‌కు ఆనుకున్న యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా చనిపోయారు. పురుగు మీద పడాల్సింది గాలిలో మనిషి ఊపిరిలోకి పోయింది.

పంతుళ్లకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. ఆ మందు ఆ నూనె దగ్గరికి ఎలా చేరిందో ఊహించడానికి మనం బీహార్ వెళ్లనక్కర్లేదు. మన ఇళ్లలో ఖాళీ మందు డబ్బాను ఏం చేస్తాం? కడిగి నీళ్లు పట్టుకుంటాం, కిరసనాయిలు పోసుకుంటాం, పొలానికి మజ్జిగ తీసుకెళతాం. గట్టి డబ్బా పారేయబుద్ధి కాదు. మా బడికి ఒక పిల్లవాడు అలాంటి దాంట్లో తాగే నీళ్లు తెచ్చాడు. మూత మీద ముద్ర ఇంకా చెరిగిపోలేదు. వాళ్ల అమ్మకు కబురుపెడితే ఆమె అంది, "మందు డబ్బానే కదా మేష్టారూ, విషం డబ్బా కాదు గదా." ఆ తల్లిని మేము ఏమీ అనలేకపోయాం. మాట అలా నేర్పింది మనమే.

ప్రతి డబ్బా మీదా రంగుల ముద్ర ఉంటుంది. ఎరుపు అంటే చాలా ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది విషమే, కొంచెం తక్కువ. మందు కొట్టాక కోతకు ఎన్నాళ్లు ఆగాలో కూడా ఉంటుంది. అక్షరాలు చీమల్లా ఉంటాయి, చదివేది ఎవరు? మా ఐదో తరగతి పిల్లలు చదువుతున్నారు. తెలుగు వాచకం కన్నా ఆ కాగితమే ముందు చదివించాలని మేము నిర్ణయించుకున్నాం.

పరిశోధన ఇక్కడ కూడా మనవాళ్లకు తెలిసిన దాన్ని దాటిపోయింది. తొలకరి పడగానే సామ చల్లేయాలని మా పెద్దలు తొందరపెట్టేవారు. ఆలస్యమైన చేను మొవ్వు ఈగ పాలవుతుందని శాస్త్రం కూడా అంటుంది. ముందు విత్తడమే మందు. చేదు దుంపను పలచగా కోసి, బుట్టలో వేసి, పారే గెడ్డలో రాత్రంతా ఉంచి విషం పోగొట్టి తినడం మన అవ్వలకు తెలుసు. ఆహార భద్రత అనే మాట పుట్టకముందే తెలుసు. మధ్యప్రదేశ్ పల్లెల్లో వాన తగిలిన అరికెలు తింటే మత్తెక్కుతుందని తరతరాలుగా అనుకునేవారు. నమ్మకం అని కొట్టిపారేసే మాట కాదది. 1980ల్లో శాస్త్రవేత్తలు ఆ గింజల మీది బూజులో సైక్లోపియాజోనిక్ ఆమ్లం ఉందని తేల్చారు. 2024 అక్టోబరులో అక్కడి బాంధవ్‌గఢ్ అడవిలో అరికె చేలు మేసి పది ఏనుగులు చనిపోతే, పరీక్షల్లో దొరికింది ఆ ఆమ్లమే. ముసలమ్మ మాటకూ ప్రయోగశాల మాటకూ తేడా లేదు. ముసలమ్మ చెప్పినప్పుడు ఎవరూ రాసుకోలేదు, అదే తేడా.

అందుకని పోయిన వానాకాలం మేము ఒక పని చేశాం. పటం తీసేశాం. బడి వెనక ఐదు సెంట్ల జాగాలో పిల్లలతో వరసలు వేయించాం. పిల్లలు ఇళ్లనుంచి చోడి విత్తనం తెచ్చారు, తొమ్మిది రకాలు పోగయ్యాయి. పక్కనే సర్కారు పొట్లంలోని రకం రెండు వరసలు. తెగులు ఏ వరసకు ఏ వారం వచ్చిందో, గడ్డి ఎంత, గింజ ఎంత, ఎన్నాళ్లకు కోశాం, అన్నీ పిల్లలే నోటు పుస్తకంలో రాశారు. పొట్లం రకం గింజ బరువులో రెండో స్థానంలో నిలిచింది. గడ్డిలో వెనకబడింది. మా వరసల్లో మూడింటికి తెగులు గట్టిగానే వచ్చింది, దాచుకోం. ఒక్క ఏడాది లెక్కతో తీర్పు చెప్పలేం, ఇంకో రెండేళ్లు వేస్తాం.

పదో రకం ఒకటి రావాల్సింది, రాలేదు. పటంలో తాతను గుర్తుపట్టిన పిల్ల ఇప్పుడు పై చదువులో ఉంది. వాళ్ల చెల్లెలు మా దగ్గరే నాలుగో తరగతి. వాళ్ల ఇంట్లో మెడ నల్లబడని చోడి ఒకటుందని ఊళ్లో అంటారు. చెల్లెల్ని అడిగితే మర్నాడు ఖాళీ చేతులతో వచ్చింది. మేమే వెళ్లాం. అవ్వ గుమ్మంలో కూర్చుని చేట చెరుగుతోంది. గాదె వైపు చూడనైనా లేదు.

"ఎనకోపాలి జీపులో వచ్చినోళ్లు గుప్పెడు అట్టుకెళ్లారు బాబూ. పేరు రాసుకుంటాం, మళ్లీ వస్తాం అన్నారు. పన్నెండేళ్లయింది. నువ్వు కూడా రాసుకుంటావా?"

నోటు పుస్తకం చెల్లెలి చేతిలో ఉంది. అవ్వ పేరు, ఊరి పేరు, ఇంటి పేరు మొదటి పేజీలో రాయించి, చదివి వినిపించాం. అవ్వ వింది. ఇటుకల పండగకు రమ్మంది, అప్పుడు చూద్దామంది.